వన్యప్రాణులను కాపాడటం క్రైస్తవుల బాధ్యతేనా?

ఆదికాండము 1:28లో జీవులన్నిటినీ ఏలమని ఉంది కదా, మరి వాటిని కాపాడే బాధ్యత ఎక్కడిది అని కొందరు అడుగుతారు. ఆ ఒక్క వచనం దగ్గరే ఆగిపోతే వచ్చే చిక్కు ఇది. తర్వాతి అధ్యాయంలోనే దేవుడు మనిషిని తోటలో పెట్టింది దాన్ని సేద్యం చేయడానికి, కాయడానికి అని ఉంది. భూమి యెహోవాదే అంటూ 24వ కీర్తన మొదలవుతుంది. సొంతదారు ఆయన, లెక్క అప్పజెప్పాల్సినవాళ్లం మనం.

నాకైతే ద్వితీయోపదేశకాండము 22:6-7 అన్నిటికంటే సూటిగా అనిపిస్తుంది. దారిలో పక్షి గూడు కనబడి, తల్లి గుడ్ల మీదో పిల్లల మీదో కూర్చుని ఉంటే, పిల్లలతో పాటు తల్లిని పట్టుకోకూడదు; పిల్లల్ని తీసుకోవచ్చు గానీ తల్లిని వదిలేయాలి. ఆకలి తీర్చుకోవచ్చు గానీ ఆ జాతి మళ్లీ పెరిగే దారి మూసేయకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపడం వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన. నిర్గమకాండము 23:11 ప్రకారం ఏడో ఏట బీడు వదిలిన పొలంలో బీదలు తినగా మిగిలింది అడవి మృగాలకే. జలప్రళయం తర్వాత దేవుడు చేసిన నిబంధన, అంటే ఒప్పందం కూడా నోవహుతో పాటు ప్రతి జీవితోనూ చేసిందే.

1983లో పోర్చుగల్‌లో మొదలైన ఎ రోచా అనే క్రైస్తవ సంస్థ ఈ నమ్మకంతోనే ప్రకృతి సంరక్షణ చేస్తోంది. మన స్థాయిలో అయితే, చర్చి ఆవరణలో చెట్టు కొట్టించే ముందు కొమ్మల్లో గూళ్లున్నాయేమో చూసి, ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగవచ్చు.