నోటు వెనక రాసే చెల్లు

గుంటూరు

అమ్మా,

నువ్వు రాసి పంపిన కథ అందింది, వెంటనే చదివాను. మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య ఆ రైతు తండ్రి నిలబడ్డ తీరు చూస్తే నీకు ఆ మనిషి బాగా తెలుసనిపించింది. కోర్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ పట్టు తప్పింది. ప్రోనోటు, అంటే తీరుస్తానని సంతకం పెట్టి ఇచ్చిన అప్పు కాగితం, దాని మీది బాకీ తీర్చలేదని పోలీసులు రైతును పట్టుకుపోయారనీ, జడ్జి శిక్ష వేశారనీ రాశావు. అలా జరగదు. మన జిల్లాలో నోటు రాయని ఇల్లు అరుదు. నీ పాఠకులు సరిగ్గా అక్కడే కథ పక్కన పెట్టేస్తారు.

నోటు బాకీ సివిల్ వ్యవహారం. అప్పిచ్చిన కమీషన్ వ్యాపారి దావా వేస్తాడు, అతను వాది. రైతు ప్రతివాది అవుతాడు, నువ్వు రాసినట్టు ముద్దాయి కాడు. ముద్దాయి అనే మాట క్రిమినల్ కేసుది. దావా గెలిస్తే డిక్రీ, అంటే బాకీ కట్టమనే కోర్టు తీర్పు, వస్తుంది. డిక్రీ వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. దాన్ని అమలు చేయించుకోవడానికి మళ్లీ ఈపీ (అమలు పిటిషన్) వేయాలి, పొలం జప్తుకు అడగాలి. ఈపీలో అరెస్టు అడగొచ్చు గానీ, నిజంగా ఇచ్చుకోలేని మనిషిని అప్పు కోసం జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. నోటు బదులు చెక్కు ఇచ్చి అది బౌన్స్ అయితే కథే వేరు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. నీకు జైలు కావాలంటే రైతు చేత చెక్కు ఇప్పించు.

నాకైతే నోటే ఉంచమని ఉంది. 2022 మార్చి 10న రాసిన నోటు మీద 2025 మార్చి 10లోగా దావా వేయాలి. దాటితే కాలదోషం పడుతుంది, ఇక దావా నిలవదు. ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా కోర్టు తనంతట తానే చూడాలి. అందుకే గడువు దగ్గర పడుతుంటే వ్యాపారి రైతు ఇంటికి వస్తాడు. బాకీ అంతా అడగడు. 'ఒక్క ఐదు వందలు ఇవ్వు బాబాయ్, చెల్లు రాద్దాం' అంటాడు. నోటు తిరగేసి, వెనక వైపు 'ఈ దినం రూ. 500 చెల్లు' అని తేదీ వేసి రాసి, రైతు చేత సంతకం పెట్టిస్తాడు. ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. ఆ రాత్రి తల్లి లోపలి నుంచి వింటోందనుకో. సంతకం పెట్టొద్దని చెప్పాలని ఉంటుంది, చెప్పలేదు. నీ కథకు ఇంతకంటే మంచి ఘట్టం నాకు కనబడటం లేదమ్మా.

కొడుకు వ్యాపారిని కొట్టిన చోట 'నాన్ బెయిలబుల్ కాబట్టి బెయిల్ రాదు' అని ప్లీడరు చేత అనిపించావు. ఏ ప్లీడరూ ఆ మాట అనడు. అలాంటి కేసులో బెయిల్ హక్కుగా రాదు, కోర్టు దయతలిస్తే వస్తుంది, అంతే తేడా. సెక్షన్లూ చూసుకో. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు ఐపీసీ కాదు, భారతీయ న్యాయ సంహిత. మోసం కేసు ఇప్పుడు 318(4) కిందికి వస్తుంది. మనుషుల నోట్లో మాత్రం పాత ఐపీసీ సెక్షన్ ఫోర్ ట్వంటీ అలాగే ఉంది, సంభాషణల్లో దాన్ని మార్చకు.

ఒక పూట జిల్లా కోర్టుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చో. మామూలు కేసుల విచారణ ఎవరైనా చూడొచ్చు. మధ్యాహ్నం ప్లీడర్ల గుమాస్తాలు టీకి బయటికొస్తారు, వాళ్లను అడుగు. వాయిదా ఎందుకు పడిందో, సమన్లు ఎందుకు తిరిగొచ్చాయో వాళ్లు చెప్పినంత తేటగా పుస్తకాలు చెప్పవు. మీ ఇంట్లో పాత నోటు ఉంటే బయటికి తీసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఎలా పడిందో చూడు.

రెండో సగం మొదలుపెట్టే ముందు నోటు తేదీ, చెల్లు తేదీ, దావా తేదీ ఒక కాగితం మీద వేసుకో. ఆ కాగితం కూడా కథతో పాటు పంపు, నేను సరిచూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు