తెనాలిలో పుట్టిన మనవడు అమెరికా ప్రెసిడెంట్ కాగలడా?

ప్రశ్న: నేను తెనాలిలో రిటైర్డ్ టీచర్‌ని. అమ్మాయి తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. మనవడు ఇక్కడే పుట్టాడు, అయిదో నెలలో అమెరికా తీసుకెళ్లారు. అప్పటికి అమ్మాయీ అల్లుడూ హెచ్-1బీ వీసా మీద ఉన్నారు. రెండో కాన్పు న్యూజెర్సీలోనే, 2014లో. ఇప్పుడు నలుగురూ అమెరికా పౌరులే. మొన్న వీడియో కాల్‌లో మనవడు "చెల్లి ప్రెసిడెంట్ అవ్వచ్చట, నేను అవ్వకూడదట తాతయ్యా" అని దిగులుగా అన్నాడు. నిజమేనా? ఈ తేడా న్యాయమేనంటారా?

జవాబు: మాస్టారూ, పిల్లవాడు చెప్పింది నిజమే. అమెరికా రాజ్యాంగం రెండో ఆర్టికల్ ప్రకారం ప్రెసిడెంట్ కావాలంటే 35 ఏళ్లు నిండాలి, 14 ఏళ్లు ఆ దేశంలో నివసించి ఉండాలి, పుట్టుకతోనే పౌరుడై ఉండాలి. మీ మనవడికి అడ్డం వచ్చేది ఆఖరి షరతే.

అయితే ఆసుపత్రి తెనాలిలో ఉండటమే అసలు కారణం అనుకోకండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. అమెరికా సెనేటర్ టెడ్ క్రూజ్ 1970లో కెనడాలోని కాల్గరీలో పుట్టారు. తల్లి అమెరికా పౌరురాలు కాబట్టి ఆయనకు పుట్టుకతోనే పౌరసత్వం వచ్చింది, 2016లో ప్రెసిడెంట్ అభ్యర్థిత్వానికి పోటీ కూడా పడ్డారు. ఇలాంటివాళ్లు అర్హులేనని ఎక్కువమంది న్యాయ నిపుణుల మాట, సుప్రీంకోర్టు మాత్రం నేరుగా తేల్చలేదు. మీ అమ్మాయి కాన్పు నాటికే అమెరికా పౌరురాలై, చట్టం అడిగినన్నాళ్లు అక్కడ ఉండి ఉంటే, మీ ఇంట్లో పురుడు పోసుకున్నా మనవడికి ఈ ఇబ్బంది ఉండేది కాదు.

మనవరాలి సంగతి వేరు. తల్లిదండ్రులు పౌరులు కాకపోయినా, అమెరికా గడ్డ మీద పుట్టిన బిడ్డ పౌరుడేనని 1898లోనే వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పుట్టుకతో వచ్చే పౌరసత్వాన్ని పరిమితం చేస్తూ 2025 జనవరిలో వచ్చిన ప్రెసిడెంట్ ఉత్తర్వు గురించి విని టెన్షన్ పడకండి. ఆ ఉత్తర్వులోనే, అది వచ్చాక పుట్టే పిల్లల గురించే తప్ప ముందు పుట్టినవాళ్ల గురించి లేదు.

మిగతా విషయాల్లో మనవడికి ఏ లోటూ లేదు. 25 ఏళ్లు నిండి, పౌరసత్వం వచ్చి ఏడేళ్లయితే ప్రతినిధుల సభకు, 30 నిండి, తొమ్మిదేళ్లయితే సెనేట్‌కు అర్హుడవుతాడు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. వైస్ ప్రెసిడెంట్ పదవికి మాత్రం ప్రెసిడెంట్ షరతులే వర్తిస్తాయి.

ఇక న్యాయమేనా అని అడిగారు. కాదనే నా అభిప్రాయం. 1787లో ఆ రాజ్యాంగం రాస్తున్నప్పుడు జాన్ జే అనే అమెరికా నాయకుడు, సేనాధిపత్యం విదేశీయుల చేతికి పోకుండా చూడమని జార్జ్ వాషింగ్టన్‌కు ఉత్తరం రాశారు. అప్పుడే పుట్టిన 13 రాష్ట్రాల దేశం, చుట్టూ యూరప్ రాజులు. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. ఇప్పుడు ఏం జరుగుతోందో చూడండి. అమెరికాలో పుట్టి, పసితనంలోనే వేరే దేశం వెళ్లి అక్కడే పెరిగినవాడు తిరిగొచ్చి 14 ఏళ్లు ఉంటే అర్హుడు. అయిదో నెల నుంచీ అక్కడే పెరిగి, బడిలో ఆ జెండాకే ప్రమాణం చేస్తున్న మీ మనవడు కాడు. విధేయతను కొలవాల్సింది ఆ దేశంలో గడిపిన కాలంతో కదా. 2003లో సెనేటర్ ఆరిన్ హాచ్, పౌరసత్వం వచ్చి 20 ఏళ్లయినవాళ్లకు అవకాశం ఇవ్వాలని సవరణ ప్రతిపాదించారు. అది ముందుకు సాగలేదు. నాకు ఆ గడువు సబబుగా తోస్తుంది. విదేశీ ప్రభావం గురించి నిజంగా అనుమానం ఉంటే, చివరికి తేల్చడానికి ఓటరు ఉన్నాడు.

కోర్టుకెళ్తే లాభం లేదు. గయానాలో పుట్టిన ఒక లాయర్ వెళ్లారు, 2012లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆయన వాదన కొట్టేసింది. రాజ్యాంగమే మారాలి. దానికి రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మద్దతు, ఆపైన 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. దగ్గర్లో జరిగే పని కాదు.

మన రాజ్యాంగం 58వ అధికరణ చూడండి. భారత పౌరుడై ఉండాలి, 35 నిండాలి, లోక్‌సభకు అర్హత ఉండాలి. ఎక్కడ పుట్టారన్న ప్రశ్నే లేదు. తెల్లవాళ్ల పాలన నుంచి అప్పుడే బయటపడ్డవాళ్లు కూడా అంత విశాలంగా రాశారంటే నాకు గర్వంగా ఉంటుంది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) మీద ఉన్నంతకాలం మనవడు ఇక్కడ రాష్ట్రపతి పదవికి అర్హుడు కాడు. కానీ అయిదేళ్లు ఓసీఐగా ఉండి, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడే నివసిస్తే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కేంద్రం ఇస్తే, అమెరికా పౌరసత్వం వదులుకుంటే, ఆ దారీ తెరుచుకుంటుంది. ఈ మాట పిల్లవాడికి చెప్పండి.

ఒక పని మాత్రం వెంటనే చేయించండి. అతనికి పౌరసత్వం తల్లిదండ్రుల ద్వారా వచ్చి ఉంటే, విడిగా సర్టిఫికెట్ ఇంటికి రాదు. ఎన్-600 ఫారం పెట్టి తీసుకున్నారో లేదో అల్లుడిగారిని అడగండి. చాలా ఇళ్లలో పాస్‌పోర్టు ఉందిలే అని ఊరుకుంటారు.