అమ్మ వేడి సంగటి తిని ఎన్నాళ్లైంది?

ఈ వారం ఆదివారం బయటి భోజనం మీద వచ్చిన ఉత్తరాలే ఎక్కువ. మూడింటికి జవాబులు.

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. మా వీధి చివర ఈమధ్యే ఒక చిన్న హోటల్ పెట్టారు, మొత్తం పది బల్లలుంటాయేమో. సంగటి, నాటుకోడి పులుసు, ఎనిపిన పప్పు, ఊరిబిండి (వేరుశనగ పచ్చడి), ఓళిగలు (బొబ్బట్లు). అంతా మన ఇంటి వంటే, కాకపోతే నీటుగా, తొందరపెట్టకుండా వడ్డిస్తారు. ఆదివారం అమ్మానాన్నలను తీసుకుపోదామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. 'ఇంట్లో చేసుకునే సంగటికి బయట డబ్బులు పొయ్యాల్నా' అంటుంది. నా భార్యేమో పోదామంటుంది. మధ్యలో నాకు టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, మీ అమ్మ అన్నది తప్పేం కాదు. ఆమె చేతి సంగటి కంటే ఆ హోటల్ సంగటి బాగుంటుందని నేనూ అనను. కానీ ఈసారి ఆమె సంగటి చేసేటప్పుడు వంటింట్లో నిలబడి చూడు. నానిన బియ్యం మెత్తగా ఉడికించి, దాని మీద రాగిపిండి గుట్టగా పోసి, మూతపెట్టి సన్న మంట మీద మగ్గనిచ్చి, దించి, గిన్నె కదలకుండా అదిమిపట్టుకుని గడ్డలు కట్టకుండా తెడ్డుతో కెలకాలి. తర్వాత చెయ్యి తడి చేసుకుంటూ, కాలుతున్నా ముద్దలు చుట్టాలి. నాన్నకొకటి, నీకొకటి, పిల్లలకు చిన్నవి. అందరికీ పులుసు పోసి, మారు వడ్డించి, ఆమె కూర్చునే సరికి మిగిలిన ముద్ద చల్లారి, పైన పొర కట్టి, గట్టిపడి ఉంటుంది. సంగటి రుచంతా వేడిలోనే ఉంది కదా, మరి మన ఇళ్లలో సంగటి బాగా చేసే మనిషికే మంచి సంగటి దొరకదు.

నాకు కూడా ఇది మా అమ్మను మొదటిసారి అట్లాంటి హోటల్‌కు తీసుకుపోయిన రోజే తెలిసింది. పులుసు గిన్నె బల్ల మీదికి రావడం ఆలస్యం, ఆమె చెయ్యి గరిటె మీదికి పోయింది, నాన్న పళ్లెంలో వెయ్యడానికి. వడ్డించే పిల్లోడు 'నువ్వు కూర్చోమ్మా, నేనేస్తా' అని ముందు ఆమె పళ్లెంలోనే ముద్ద పెట్టి, దాని నడుమ గుంట చేసి నెయ్యి పోశాడు. ఆమె కొంచెం తుంచుకుని, పులుసులో అద్ది, నమలకుండా మింగి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'వేడిగా ఉంది' అనింది. అంతే.

అందుకని మీ అమ్మను ఎట్లయినా తీసుకుపో. 'నీకు వంట తప్పుతుంది' అని మాత్రం అనొద్దు, అట్లంటే ఇంకా పట్టుబడుతుంది. 'వాళ్ల పులుసు ఎట్లుందో నువ్వే చెప్పాల' అని పిలువు, వస్తుంది. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా రద్దీ ఉంటుంది కాబట్టి పన్నెండున్నరకే పోయి కూర్చోండి, లేదంటే రెండున్నర దాటాక. అన్నీ ఒకేసారి చెప్పొద్దు. ముందు పప్పు, ఊరిబిండి, రొట్టె తెప్పించుకుని మెల్లగా తినండి, పులుసు బల్ల మీదికి వచ్చాకే సంగటి అడగండి. ముందే తెప్పించుకుంటే అక్కడా చల్లారిన ముద్దే తినాలి. ఇక నీటు అంటావా, చిన్న గిన్నెల్లో పెట్టినంత మాత్రాన నీటు రాదు. పులుసు మీద వేలెడు నూనె తేలకుండా, కారం వెనక వేయించిన ధనియాలూ కొబ్బరీ నాలుకకు తెలిస్తే వాళ్లకు పని వచ్చినట్టు. నాటుకోడి అయితే ఎముక గట్టిగా, మాంసం కొంచెం నల్లగా ఉంటుంది, మీ అమ్మకు ఒక్క ముక్కతో తెలిసిపోతుంది. ఇంకొక మాట, నీ భార్య పోదామంటోందంటే ఆమె కూడా ఆ వంటింట్లో నిలబడే మనిషే కదా, ఆమె పళ్లెంలోకీ ముద్ద వేడిగానే పడేట్టు చూడు.

ప్రశ్న: మా నాయనకు షుగర్ ఉంది. రాగిసంగటి కాబట్టి ఎంత తిన్నా పర్వాలేదని హోటల్‌కు పోతే రెండు ముద్దలు లాగిస్తాడు. నిజమేనా? (కడప నుంచి ఒక చెల్లెలు)

జవాబు: కాదమ్మా. రాగుల్లో 100 గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పీచు కూడా బియ్యం కంటే చాలా ఎక్కువ. ఆ మేరకు మంచిదే. కానీ పిండిపదార్థం దగ్గరికి వస్తే బియ్యానికీ రాగులకూ పెద్ద తేడా లేదు, పైగా సంగటిలో బియ్యం కూడా ఉంటుంది. ఒక చిన్న ముద్ద చాలు, పప్పూ కూరా ఎక్కువ పెట్టండి. ఓళిగ సంగతి డాక్టర్‌ను అడగండి, నన్నడిగితే నేను పెట్టమని చెప్పలేను.

ప్రశ్న: కర్నూలులో ఒక హోటల్‌లో భోజనం చేశాం. బిల్లులో జీఎస్టీ కాక సర్వీస్ చార్జి 10 శాతం వేశారు. అడిగితే 'అందరూ కడతారు సార్' అన్నారు. కట్టాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. మనల్ని అడగకుండా సర్వీస్ చార్జి బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ అథారిటీ 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. తీసెయ్యమని మర్యాదగా అడగండి, తియ్యకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యండి. జీఎస్టీ వేరు, అది మామూలు హోటళ్లలో 5 శాతం. అయితే కాంపోజిషన్ పద్ధతిలో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకాల మీద ఒకే రేటు పన్ను కట్టే పద్ధతి) ఉన్న చిన్న హోటళ్లు ఆ పన్ను తమ చేతి నుంచే కట్టాలి, మన దగ్గర విడిగా వసూలు చెయ్యకూడదు. ఆ మాట బిల్లు పైనే రాసి ఉండాలి కాబట్టి, డబ్బులు తీసే ముందు ఒకసారి చదువుకోండి. వడ్డించిన పిల్లోడు బాగా చూసుకున్నాడనిపిస్తే, ఏమిచ్చినా అతని చేతికే ఇవ్వండి.