స్పామ్‌అసాసిన్ 4.0కి మారబోతున్న మేనల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

గుణుపురంలో మీ కళాశాల మెయిల్ సర్వరు బాధ్యత నీకు అప్పగించారనీ, చెత్త మెయిళ్లను వడపోసే పాత స్పామ్‌అసాసిన్ 3.4ను తీసి 4.0 పెట్టమన్నారనీ నీ ఉత్తరంలో చదివి సంతోషించాను. 3.4 వరుస 2014లో వచ్చింది, 4.0.0 విడుదలైంది 2022 డిసెంబరులో. నడుమ ఇన్నేళ్లు గడిచాయి కనుక మార్పులు చాలానే ఉన్నాయి. అయితే అన్నీ మనకు ఒకే బరువు కావు.

మన సరిహద్దు జిల్లాల్లో ఒక్కొక్కరి పెట్టెలోకి తెలుగు, ఒడియా, ఇంగ్లీషు, హిందీ మెయిళ్లు కలిసే వస్తాయి. పాతపట్నం నుంచి ఒక తండ్రి తన కొడుకు ఫీజు గురించి తెలుగులో రాస్తాడు, భువనేశ్వర్ నుంచి ఒడియాలో సర్క్యులర్ వస్తుంది. వడపోతకు ఇంగ్లీషు ఒక్కటే అలవాటైతే ఆ తండ్రి ఉత్తరం చెత్తలోకి పోయే ప్రమాదం ఉంటుంది. పది చెత్త మెయిళ్లు లోపలికి వచ్చినా తుడిచివేయవచ్చును గాని, అడ్మిషన్ గడువు నాటి ఒక్క మంచి మెయిల్ పోతే ఒక పిల్లవాడి ఏడాది పోతుంది. 4.0లో నువ్వు చేసే ప్రతి అమరికనూ ముందు ఈ దృష్టితోనే చూడాలని నా కోరిక.

ఆ లెక్కన నాకు మొదట కనిపించే మార్పు అక్షరాల సంగతి. ఒకే తెలుగు వాక్యం వేరువేరు సంకేతాల్లో, అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతుల్లో, రాగలదు. వేరే సంకేతంలో వచ్చిన పాఠాన్ని నియమాలకు (మెయిల్‌లోని ఒక్కో లక్షణానికి ఇన్ని అనుమానపు అంకెలని వేసేవి) అందించే ముందే అన్ని లిపులకూ పనికివచ్చే యూటీఎఫ్-8లోకి మార్చే నార్మలైజ్ క్యారెక్టర్‌సెట్ అమరిక పాత వరుసలోనూ ఉండేది, కాని ఎవరైనా తెరిస్తేనే పనిచేసేది. 4.0లో అది మొదటినుంచే తెరిచి ఉంటుంది. యూటీఎఫ్-8లో తెలుగైనా ఒడియా అయినా ఒక్కో అక్షరపు గుర్తుకు 3 బైట్లు పడతాయి కనుక, నీకు ముందున్న వారు బైట్లను పట్టుకొని రాసిన సొంత నియమాలు, మన అమరికలుండే లోకల్ డాట్ సీఎఫ్ ఫైలులో ఉంటే వాటిని ఒక్కొక్కటిగా మళ్లీ పరీక్షించు.

తరువాతది బేయస్. మంచి మెయిల్‌లో ఏ మాటలు వస్తాయి, చెత్త మెయిల్‌లో ఏ మాటలు వస్తాయి అని లెక్క కట్టి అనుమానం తేల్చే భాగం అది. 200 మంచి మెయిళ్లు, 200 చెత్త మెయిళ్లు చూపించేదాకా అది నోరు విప్పదు. 4.0లో ప్రతి భాషలోనూ ఊరికే వచ్చే మాటలను లెక్కలోంచి తప్పించే వీలు కలిగింది. దీనికి ఇంగ్లీషు జాబితా ముందే ఉంటుంది, ఇతర భాషలకు మనమే రాసి లోకల్ డాట్ సీఎఫ్‌లో చేర్చవచ్చును. తెలుగుకు మరియు, కావున, గారికి వంటివి, ఒడియాకు ఏబం వంటివి చాలు. జాబితా పొడవు పెంచకు. ఫీజు, హాల్ టికెట్, ఉపకారవేతనం వంటి మాటలను మాత్రం అందులో చేర్చవద్దు, మంచి మెయిల్‌ను గుర్తుపట్టేది ఆ మాటలతోనే.

బేయస్‌కు చూపించే మెయిళ్లను నువ్వే కూర్చొని ఏరు. దానికి నేర్పే ఎస్ఏ-లెర్న్ ఆజ్ఞకు మంచివిగా ఇచ్చే వాటిలో తెలుగు, ఒడియా ఉత్తరాలు తగినన్ని ఉండాలి. సవర భాషలో రాసే విద్యార్థులు మీ దగ్గర ఉంటే, ఏ లిపిలో రాసినా వారివీ చేర్చు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి నిఘంటువు కట్టిన భాష మన కళాశాల యంత్రానికి కొత్తది కాకూడదు. అవి పరుల ఉత్తరాలు కనుక వారి అనుమతితోనే తీసుకో, సర్వరు దాటి బయటికి పోనివ్వకు.

ఎక్స్‌ట్రాక్ట్‌టెక్స్ట్ అనే కొత్త ప్లగిన్ (అదనంగా తగిలించే భాగం) గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. జోడించి పంపిన పీడీఎఫ్‌లు, డాక్యుమెంట్లు, బొమ్మల్లోని పాఠాన్ని బయటి పనిముట్లతో తీయించి నియమాలకు అందించడం దాని పని. మోసగాళ్లు ఉద్యోగ నియామక పత్రాలనీ, కరెంటు బిల్లు బకాయిలనీ బొమ్మల్లో పెట్టి పంపుతున్న కాలంలో ఇది చాలా అవసరం. బొమ్మలు చదివే టెసరాక్ట్‌కు తెలుగు, ఒడియా డేటా విడిగా దొరుకుతుంది. రెండూ వేసుకొని, ఆజ్ఞలో ఇంగ్లీషుతో పాటు ఆ భాషలనూ పేర్కొను. లేకపోతే అది తెలుగును ఇంగ్లీషనుకొని ఏదో చదివి పెడుతుంది. బొమ్మలు చదవడం ప్రాసెసర్‌కు భారం, కాబట్టి సమయ పరిమితి తప్పక పెట్టు.

ఇక్కడే మన వైపు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన తెలుగు పీడీఎఫ్‌లు, ఆకృతి ఫాంట్లతో కొట్టిన ఒడియా పీడీఎఫ్‌లు కంటికి చక్కగా కనిపిస్తాయి గాని, వాటిలో ఉన్నది యూనికోడ్ పాఠం కాదు. పీడీఎఫ్‌లోంచి పాఠం తీసే పీడీఎఫ్‌టుటెక్స్ట్ వాటిని తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ చిహ్నాలూ బయటికి వస్తాయి. మోసపు మెయిళ్లలో కూడా ఇలాంటి గజిబిజే ఉంటుంది కనుక, నిజమైన సర్క్యులర్‌కు అనవసరంగా అంకెలు పడే అవకాశం ఉంది. అందుచేత ఇలాంటి నిజమైన పీడీఎఫ్‌లు జోడించిన మెయిళ్లను మంచివిగా నేర్పించి, ఎన్ని అంకెలు పడుతున్నాయో చూసిన తరువాతే ఈ ప్లగిన్‌ను పూర్తిగా నమ్ము.

డీకోడ్‌షార్ట్‌యూఆర్‌ఎల్స్ పొట్టి లింకుల వెనుక ఉన్న అసలు చిరునామాను తెలుసుకుంటుంది. దానికి సర్వరు బయటి వెబ్‌ను అడగవలసి ఉంటుంది. మీ లైన్ నెమ్మదిగా ఉంటే మొదట ఆపి ఉంచి, తరువాత కాషె (ఒకసారి తెలిసిన జవాబును దాచుకునే చోటు) పెట్టుకొని తెరువు. పంపిన డొమైన్ నిజమైనదో కాదో చూసే డీమార్క్ ప్లగిన్‌కు మెయిల్-డీమార్క్ అనే పెర్ల్ మాడ్యూల్ కావాలి. ఈ ప్లగిన్లను తెరిచే వరుసలు వి400 డాట్ ప్రీ ఫైలులో ఉంటాయి, ముందు హ్యాష్ గుర్తు ఉన్న వరుస మూసి ఉన్నట్టు. ఏ వరుస ముందు హ్యాష్ గుర్తు ఉందో చూసి, కావలసినదే తెరువు. పంపేవారి కంప్యూటరు కొంత లెక్క చేసినట్టు ముద్రను చూసే హ్యాష్‌క్యాష్‌ను పూర్తిగా తీసివేశారు, పాత ఫైళ్లలో దాని పేరు మిగిలి ఉంటే తుడిచివేయి.

మంచివారినీ చెడ్డవారినీ రాసుకునే జాబితాలకున్న వైట్‌లిస్ట్, బ్లాక్‌లిస్ట్ అన్న పేర్లు ఇప్పుడు వెల్‌కమ్‌లిస్ట్, బ్లాక్‌లిస్ట్ అయ్యాయి. రెండో పేరు మన లిపిలో ఒకేలా కనిపించినా, ఇంగ్లీషులో నలుపు అన్న మాట పోయి అడ్డుకోవడం అన్న మాట వచ్చింది. పాత పేర్లు 4.0లోనూ పనిచేస్తాయి, అయినా ఫైలు తెరిచిన చేత్తోనే మార్చు. పంపినవారి చిరునామాను ఎవరైనా దొంగగా పెట్టుకోగలరు. కాబట్టి విశ్వవిద్యాలయం, బ్యాంకు వంటి వాటికి వెల్‌కమ్‌లిస్ట్-ఫ్రమ్ బదులు, పంపినవారి డొమైన్‌ను సరిచూసే ఎస్‌పీఎఫ్ పరీక్ష గాని డీకిమ్ పరీక్ష గాని నెగ్గితేనే స్వాగతించే వెల్‌కమ్‌లిస్ట్-ఆత్ వాడు.

పని మొదలుపెట్టే ముందు బేయస్ డేటాకు ఎస్ఏ-లెర్న్ బ్యాకప్ తీసి వేరే డిస్కులో దాచు. లినక్స్ రకమైన డెబియన్ 12లో 4.0 ప్యాకేజీగానే దొరుకుతుంది కనుక, ముందు ఒక వేరే యంత్రంలో పెట్టి అమరికల్లో తప్పులు పట్టే లింట్ పరీక్ష నడిపి, హెచ్చరికలు ఆగేదాకా సరిదిద్దు. తరువాత అసలు సర్వరులో పెట్టినా, కొన్ని వారాల పాటు ఏ మెయిల్‌నూ తుడిచివేయనివ్వకు, గుర్తు వేసి వేరే ఫోల్డరులో పెట్టడంతోనే సరిపెట్టు. మొత్తం అంకెలు చేరితే చెత్త అని తేల్చే మామూలు హద్దు 5.0. ఆ ఫోల్డరును రోజూ ఉదయం తెరిచి, తెలుగు, ఒడియా మెయిళ్లకు ఏ నియమం ఎన్ని అంకెలు వేసిందో హెడర్లలో చూసి రాసుకో. హద్దు తగ్గించాలని ఎవరు తొందరపెట్టినా, అడ్మిషన్లు ముగిసేదాకా దానిని కదిలించకు. నీ జాబితాలు సిద్ధమయ్యాక నాకు పంపు, నేను ఇక్కడి మా సర్వరులో నడిపించి చూసి చెబుతాను.

ఇట్లు,
మామయ్య