టే పాపాలో ఒక పూటే ఉంటే నాలుగో అంతస్తు నుంచి మొదలుపెట్టండి

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో మీకు దొరికేది ఒక్క పూట, వెంట అమ్మానాన్నలు ఉంటారు. టే పాపా జాతీయ మ్యూజియానికి వెళ్తే పాలినీషియా దీవుల గురించి నిజంగా ఏమైనా తెలుస్తుందా, లేక అద్దాల వెనక పాత సామాను చూసి తిరిగి రావడమేనా అని అడిగారు. తెలుస్తుంది. కాకపోతే నేను మొదటిసారి చేసిన పొరపాటు మీరు చేయకండి.

నేను ఈ ఊళ్ళోనే ఉంటాను. మొదటిసారి మా అమ్మను తీసుకెళ్ళినప్పుడు కింది నుంచి పైదాకా అన్నీ చూపించాలని ఆశపడ్డాను. రెండో అంతస్తులో 2007లో అంటార్కిటికా దగ్గరి రాస్ సముద్రంలో దొరికిన భారీ స్క్విడ్ ఉంది, దాదాపు 495 కిలోల జీవి. దాని దగ్గరే చాలాసేపు గడిచింది. పక్కనే మొదటి ప్రపంచ యుద్ధం నాటి గల్లిపోలి పోరు ప్రదర్శన, అక్కడ ఇంకాసేపు. నాలుగో అంతస్తు చేరేసరికి అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. బెంచీ మీద కూర్చుని, ఇక మీరు చూసి రండి అంది. రెండోసారి లిఫ్టులో తిన్నగా నాలుగో అంతస్తుకే వెళ్ళాం. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల ప్రదర్శన, పసిఫిక్ దీవులవాళ్ళ ప్రదర్శన రెండూ నేను చూసినప్పుడు ఆ అంతస్తులోనే ఉన్నాయి.

ఆ రోజు మా అమ్మ ఎక్కువసేపు నిలబడింది తాపా దగ్గర. తాపా నేసిన గుడ్డ కాదు. పేపర్ మల్బరీ అనే చెట్టు లోపలి బెరడును నానబెట్టి, దిమ్మె మీద పరిచి, చెక్క దుడ్డుతో కొట్టి కొట్టి వెడల్పు చేస్తారు. సన్నని పట్టీ కాస్తా పలుచని పొరగా సాగుతుంది. అలాంటి పొరలను జిగురుతో ఒకదానికొకటి అతికిస్తూ పోతే పదుల మీటర్ల గుడ్డ తయారవుతుంది. దీన్ని టోంగాలో న్గాటు అంటారు, సమోవాలో సియాపో, నియువేలో హియాపో.

అమ్మ పుట్టింది పెడనలో. కలంకారీ అద్దకం చూస్తూ పెరిగిన మనిషి. గోధుమ, నలుపు రంగుల్లో ఉన్న ఆ గుడ్డను చూడగానే, "అచ్చులు ఎక్కడ?" అని అడిగింది. అచ్చులూ ఉంటాయి, కాకపోతే మన పద్ధతికి తలకిందులు. టోంగావాళ్ళు ఆకుల పలక మీద కొబ్బరి ఈనెలను ముగ్గులా వంచి కుట్టి, దాన్ని కుపేసి అంటారు. కుపేసి కింద ఉంటుంది, గుడ్డ పైన పరుస్తారు. రంగులో ముంచిన ముద్దతో రుద్దితే ఈనె ఉబ్బెత్తుగా ఉన్నచోట రంగు పట్టి బొమ్మ తేలుతుంది. చిన్నప్పుడు నాణెం మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్ళం కదా, అదే కిటుకు. తర్వాత ఆ గీతల మీద చేత్తో ముదురు రంగు దిద్దుతారు. "మనం గుడ్డ మీద అచ్చు అద్దుతాం, వీళ్ళు అచ్చు మీద గుడ్డ పరుస్తారన్నమాట," అని ఒక్క ముక్కలో తేల్చేసింది అమ్మ. గోడ మీది వివరణ చదివిన నాకంటే, చదవని ఆవిడకే బాగా అర్థమైంది.

ఈ గుడ్డలు చేసేది ప్రధానంగా ఆడవాళ్ళు. పెళ్ళిళ్ళలో, చావుల్లో, రాజు పట్టాభిషేకంలో ఒక కుటుంబం ఇంకో కుటుంబానికి వీటిని పెడుతుంది. మన పెట్టిపోతల లెక్కే. ఎవరు ఎంత పెట్టారో ఎవరూ మరిచిపోరు.

దీవుల కళ అంటే తాతలనాటి వస్తువులే అనుకుంటే, న్యూజిలాండ్ కళాకారుడు మిషెల్ టఫరీ 1994లో చేసిన ఎద్దును చూడండి, ప్రదర్శనలో పెట్టి ఉంటే. నిలువెత్తు ఎద్దు, ఒళ్ళంతా బీఫ్ డబ్బాల రేకులే. పేరు 'పిసుపో లువా అఫే'. పిసుపో అన్నది ఇంగ్లిషు 'పీ సూప్'కు సమోవా ఉచ్చారణ. మొదట దీవులకు డబ్బాల్లో వచ్చింది బఠాణీ సూపట, ఆ పేరే తర్వాత డబ్బా మాంసానికి స్థిరపడింది. ఇప్పుడు పెళ్ళికీ చావుకీ పెట్టే కానుకల్లో ఆ డబ్బాలూ ఉంటాయి. చేపలు పట్టుకుని, కందమూలాలు పండించుకుని తిన్న జనాన్ని దిగుమతి తిండి ఎక్కడికి తెచ్చిందన్నది ఆ ఎద్దు అడిగే ప్రశ్న. ఆ అంతస్తులో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

పాత సామాను అన్నారు కాబట్టి ఇంకో సంగతి చెప్పాలి. అక్కడివాళ్ళు వీటిని సామానుగా చూడరు. మావోరీలు తావోంగా అంటారు, పూర్వీకులు వాటిలో ఉన్నారన్న భావం. నేను చూసినవాటిలో 'టే హౌ కి తూరంగ' అనే చెక్కడపు సభాగృహం ఉంది. 1840లలో రహరుహి రుకుపో అనే మావోరీ నాయకుడు తన అన్న జ్ఞాపకంగా కట్టించింది. ఇలాంటి ఇళ్ళలో నడికొప్పు దూలం పూర్వీకుడి వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. లోపలికి అడుగుపెడితే ఆయన ఒళ్ళో ఉన్నట్టే. 1867లో ప్రభుత్వం దాన్ని బలవంతంగా విప్పి తీసుకుపోయింది. 2012లో వచ్చిన చట్టంతో అది మళ్ళీ రొంగోవాకాటా తెగవాళ్ళదైంది. గుడి విగ్రహం ఎత్తుకుపోతే ఊరికి ఎలా ఉంటుందో మీ నాన్నగారికి వేరే చెప్పనక్కరలేదు.

తిరిగి ఇవ్వడమన్నది ఈ మ్యూజియం పనిలో పెద్ద భాగం, అదే నాకు దీని మీద గౌరవం. 1779 జనవరి 26న హవాయి రాజు కలానిఓపుఉ తన భుజాల మీది ఈకల అంగీ తీసి ఇంగ్లిషు నావికుడు కెప్టెన్ కుక్‌కు కప్పాడు. ఆ అంగీకి సుమారు 20 వేల పక్షుల ఈకలు పట్టి ఉంటాయని అంచనా. అది ఇంగ్లండులో చేతులు మారి 1912లో ఇక్కడికి చేరింది. 2016లో హోనొలులులోని బిషప్ మ్యూజియానికి పంపారు. మొదట అరువుగానే, ఆ తర్వాత శాశ్వతంగా ఇచ్చేశారు. విదేశీ మ్యూజియాల్లో ఉన్న మావోరీ పూర్వీకుల అవశేషాలను వెనక్కి రప్పించే పని కూడా 2003 నుంచి టే పాపాయే చూస్తోంది. 2012లో ఫ్రాన్స్ ఒకేసారి పచ్చబొట్లున్న 20 మావోరీ పూర్వీకుల శిరస్సులను అప్పగించింది. వాటిని జనానికి చూపించరు. చూపించకపోవడమే మర్యాద.

ఆ అంతస్తులో తినుబండారాలు బయటికి తీయకండి. మ్యూజియం నియమం ఒకటి, దాని వెనక ఇంకో కారణమూ ఉంది. తిండి 'తపు'ను, అంటే ఆ వస్తువుల పవిత్రతను, చెడగొడుతుంది. ఇంగ్లిషువాళ్ళ టాబూ ఆ మాట నుంచి వచ్చిందే. ఇది అమ్మకు ఎలా వివరించాలా అనుకుంటుంటే, "మడి," అంది. ఇక నేను కలగజేసుకోలేదు.

ఖర్చు విషయానికి వస్తే, న్యూజిలాండ్‌లో నివసించేవారికి ప్రవేశం ఉచితం. 2024 సెప్టెంబరు నుంచి 16 ఏళ్ళు నిండిన విదేశీ సందర్శకులకు 35 న్యూజిలాండ్ డాలర్లు. ముగ్గురికీ లెక్క వేసుకోండి. ఉదయం 10 గంటలకు తెరుస్తారు, అప్పుడే వెళ్తే రద్దీ తక్కువ. సముద్రం ఒడ్డునే కాబట్టి గాలి గట్టిగా వీస్తుంది, అమ్మగారికి శాలువా ఉంచండి. గొడుగు మాత్రం వద్దు, ఇక్కడి గాలికి తిరగబడుతుంది. అంతా అయ్యాక కాళ్ళలో ఇంకా సత్తువ మిగిలితే అప్పుడు రెండో అంతస్తుకు దిగి స్క్విడ్‌ను చూడండి.