సంపులో మునిగిన పైపు

ప్రశ్న: మాకు మున్సిపల్ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. చప్పుడు రాకూడదని అర అంగుళం పైపును సంపు అడుగుదాకా దింపించాం. బోరు లైను కూడా గేట్ వాల్వు పెట్టి అదే పైపుకు కలిపాం. నీళ్లు వదిలిన మొదటి అయిదు నిమిషాలు మురికి, వాసన. ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి పోనివ్వని వాల్వు) ఒకటి వేస్తే చాలని ప్లంబర్ అంటున్నాడు. చాలుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చాలదండీ. ముందు ఆ పైపును కోయించండి. సరఫరా ఆగాక వీధి పైపు ఖాళీ అవుతుంది. పల్లంలో ఎవరో కుళాయి తిప్పినా, పైపుకే మోటారు బిగించి లాగినా, డబ్బాలోంచి ట్యూబుతో కిరోసిన్ తీసినట్టు మీ సంపు నీళ్లు వీధిలోకి వెళ్లిపోతాయి. సంపు నిండుగా ఉంటే మరీ సులువు.

పైపు మూతి, ఓవర్‌ఫ్లో పైపు అంచుకన్నా పైన ఉండాలి. ఈ రెండింటి మధ్య ఖాళీ, పైపు వ్యాసానికి రెట్టింపు ఉండాలి; ఎంత సన్న పైపైనా 25 మి.మీ.కు తగ్గకూడదు. మీ 15 మి.మీ. పైపుకు 30 చాలు గానీ 50 వదలండి. కొలత రోజూ నిలిచే నీటిమట్టం నుంచి కాదు. ఓవర్‌ఫ్లో లేకపోతే సంపు మూత గట్టు నుంచి కొలవాలి. ఓవర్‌ఫ్లోను మాత్రం డ్రైనేజీకి కలపకండి. అది పూడితే మురుగు నేరుగా సంపులోకే.

ఎన్‌ఆర్‌వీ రెండో కాపలాగా ఉండనివ్వండి, బాణం గుర్తు సంపు వైపు. ఇసుక రేణువు ఇరుక్కుంటే లోపలి రేకు మూసుకోదు, పైకేమో ఏమీ తెలియదు. అందుకే రెండు పక్కలా యూనియన్లు (పైపు కోయకుండా విప్పుకునే జాయింట్లు) పెట్టించి, ఆరు నెలలకోసారి విప్పి కడగాలి.

అసలు ప్రమాదం బోరు కలపడం. గేట్ వాల్వు అరిగితే చుక్కచుక్కగా వదులుతుంది. బోరు మోటారు ఒత్తిడికి ఆ నీరు వీధి పైపులోకి ఎక్కుతుంది. ఆ జాయింటు తీసేసి బోరుకు వేరే పైపు, వీలైతే వేరే ట్యాంకు పెట్టండి.

మొదటి అయిదు నిమిషాల మురికి మొత్తం మీ ఇంటిది కాకపోవచ్చు. ఖాళీ అయిన వీధి పైపు పగుళ్లలోంచి మురుగు కాలువ నీరు లాగుతుంది. సంపుకు ముందు ఒక కుళాయి పెట్టించి, తేటపడేదాకా బయటికి వదలండి. ఆ తర్వాతా వాసన ఉంటే తాగకండి, మున్సిపాలిటీకి చెప్పండి.

పని అయ్యాక సంపు తోమించి నింపండి. వెయ్యి లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ (33 శాతం క్లోరిన్‌ది) బకెట్లో కలిపి, సున్నం అడుక్కి చేరాక పైతేట పోయాలి. ఒక రాత్రి ఉంచి ఆ నీళ్లన్నీ పారబోయాలి.

ప్రశ్న: హెల్త్ ఫాసెట్ (టాయిలెట్‌లోని చేతి స్ప్రే) బకెట్లో పడి ఉంటే ఇబ్బందా?

జవాబు: ఇబ్బందే. పైట్యాంకు ఖాళీ అయితే, ఫాసెట్ లీవరు కారుతుంటే, ఆ బకెట్ నీళ్లు అదే లైను మీదున్న వంటింటి కుళాయిలో రావచ్చు. కొక్కేనికి తగిలించి, పని కాగానే యాంగిల్ కాక్ (గోడ దగ్గర దానికి నీళ్లిచ్చే వాల్వు) కట్టేయండి.