బీటెక్‌ కోసం ఉద్యోగం వదులుకోవాలా?

ప్రశ్న: నా వయసు 28. మెకానికల్‌ డిప్లొమా చేసి, అచ్యుతాపురంలో ఒక కంపెనీలో ఆరేళ్లుగా మెయింటెనెన్స్‌లో పనిచేస్తున్నాను. చేతికి రూ.32,000 వస్తుంది, ఖర్చులు, చీటీ వాయిదా పోను రూ.5,000 మిగులుతుంది. బీటెక్‌ లేదని ప్రమోషన్‌ ఆగిపోయింది. ఉద్యోగం మానేసి ఈసెట్‌ (డిప్లొమా వాళ్లకు బీటెక్‌ ప్రవేశ పరీక్ష) రాయమంటున్నారు నాన్న. ఉద్యోగుల కోసం సాయంత్రం బీటెక్‌ నడిపే కాలేజీ ఏడాదికి రూ.60,000 చెప్పింది. ఒక కన్సల్టెన్సీ రూ.1.6 లక్షలకు ఏడాదిలో దూరవిద్య బీటెక్‌ ఇప్పిస్తానంటోంది. రూ.50,000 ఎఫ్‌డీ, లక్ష రూపాయల చీటీ (నెలకు రూ.5,000, ఇంకా 11 నెలలు), నా భార్య బంగారం నాలుగు తులాలు ఉన్నాయి. బంగారం తాకట్టు పెట్టాలా, చీటీ పాడాలా? విద్యారుణం తీసుకుంటే పన్ను కలిసొస్తుందా?

జవాబు: ముందు ఆ కన్సల్టెన్సీ సంగతి తేల్చేద్దాం. దానికి ఒక్క రూపాయి కూడా కట్టకండి. దూరవిద్యలో ఇంజినీరింగ్‌ డిగ్రీకి యూజీసీ (యూనివర్సిటీలను నియంత్రించే సంస్థ), ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే సంస్థ) అనుమతి లేదు. కొన్ని డీమ్డ్‌ యూనివర్సిటీలు అనుమతి లేకుండా ఇలా ఇచ్చిన డిగ్రీలపై 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, అప్పటికే ఉద్యోగాల్లో, ప్రమోషన్లలో ఉన్నవాళ్లు కూడా చిక్కుల్లో పడ్డారు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. సర్టిఫికెట్‌ చెల్లదని తేలితే ఇప్పుడున్న ఉద్యోగానికే ఎసరు వస్తుంది. మీ సీనియర్లు ఎవరైనా ఏఎంఐఈ (కాలేజీకి వెళ్లకుండా ఇంజినీర్ల సంస్థ పెట్టే పరీక్షలు రాసి పొందే అర్హత) చేయమంటే వాళ్ల అనుభవం నిజమే కానీ, 2013 మే 31 వరకు నమోదైనవాళ్లకే దానికి డిగ్రీతో సమాన గుర్తింపు ఉంది. మీకు అది పనికిరాదు.

నాన్నగారి మాటలో ప్రేమ ఉంది, లెక్క లేదు. ఈసెట్‌తో నేరుగా రెండో ఏడాదిలో చేరినా మూడేళ్లు పడుతుంది. 36 నెలల జీతమంటే రూ.11.52 లక్షలు. ఫీజు మొత్తం మాఫీ అయినా ఈ నష్టం పూడదు. పైగా ఆరేళ్ల అనుభవం ఉన్న మనిషి మళ్లీ ఫ్రెషర్ల వరుసలో నిలబడాలి.

మిగిలింది సాయంత్రం కోర్సు. నా ఓటు దీనికే. 2023 నుంచి ఏఐసీటీఈ కొన్ని కాలేజీలకు ఇలా నడపడానికి అనుమతి ఇస్తోంది. కనీసం ఏడాది అనుభవం ఉండాలి, పనిచేసే చోటు కాలేజీకి నిర్ణీత దూరంలోపే ఉండాలి. మీరు చేరబోయే కాలేజీకి, అందులోనూ మీ బ్రాంచికి, ఈ ఏడాదికి అనుమతి ఉందో లేదో అనుమతి పత్రం అడిగి స్వయంగా చూడండి. అయితే నా భయం ఫీజు గురించి కాదు, షిఫ్టుల గురించి. మధ్యాహ్నం మొదలై రాత్రి దాకా సాగే బి షిఫ్టులో ఉండి సాయంత్రం క్లాసుకు ఎలా వెళ్తారు? హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. కట్టిన ఫీజు వెనక్కి రాదు. అందుకే ముందు హెచ్‌ఆర్‌తో మాట్లాడండి. షిఫ్టు సర్దుబాటు, నిరభ్యంతర పత్రం, బీటెక్‌ పూర్తయితే ఏ గ్రేడు ఇస్తారన్నది కాగితం మీద రాయించుకోండి. నోటిమాట చాలదు, మేనేజర్లు మారిపోతుంటారు.

ఇక డబ్బు. అప్పు అక్కర్లేదు. ఫీజు సెమిస్టర్‌కోసారి కట్టనిస్తారేమో అడగండి. మొదటి రూ.30,000 ఎఫ్‌డీ నుంచి తీయండి. రెండో సెమిస్టర్‌కు ఆరు నెలల మిగులు సరిపోతుంది. ఆ తర్వాతి ఆరు నెలల మిగులుతో ఎఫ్‌డీని మళ్లీ రూ.50,000 చేయండి. ఈలోగా చీటీ పూర్తవుతుంది. కమిషన్‌ పోను రూ.95,000 వస్తుందనుకుంటే, రెండో ఏడాది ఫీజు కట్టాక రూ.35,000 మిగులుతుంది. చీటీ వాయిదా ఆగిపోతుంది కాబట్టి అప్పటి నుంచి నెలకు రూ.10,000 చేతిలో ఉంటుంది. మూడో ఏడాదికి తక్కువపడే రూ.25,000, పుస్తకాలు, పెట్రోలు అన్నీ అందులోంచే వెళ్లిపోతాయి. కాబట్టి చీటీని ఇప్పుడు పాడకండి. పాటలో వదులుకునే సొమ్ము మీ జేబు నుంచి పోయే వడ్డీయే. బంగారం జోలికి అసలు వెళ్లకండి.

విద్యారుణంపై పన్ను మినహాయింపు వడ్డీకి మాత్రమే, అదీ పాత పన్ను విధానంలోనే. మీ జీతానికి అసలు పన్నే పడదు, ఇక కలిసొచ్చేదేముంది? ఒకవేళ కాలేజీ ఏడాది ఫీజు ఒకేసారి కట్టాలంటే, ఎఫ్‌డీ రద్దు చేసి మిగతా రూ.10,000 రెండు నెలల మిగులుతో సర్దండి. ఆ రెండు నెలల గడువు అడగడానికి మొహమాటపడకండి.